హోప్‌టౌన్ రేవులో ఆవిరి లాంచీ

పోర్ట్ బ్లెయిర్ పట్టణానికి వీధులు రెండు రకాలు. గుట్టలెక్కి దిగే నేలవీధులు కొన్ని. పడవలు నడిచే నీటివీధులు కొన్ని. రేవు ముఖద్వారంలో రాస్ దీవి కావలివానివలె నిలిచి ఉంటుంది. లోపలికి వచ్చినకొద్దీ చాతమ్ దీవి, ఇంకా లోపల వైపర్ దీవి కనిపిస్తాయి. దక్షిణపు ఒడ్డున అబర్డీన్, ఫీనిక్స్ బే ఉన్నాయి. ఉత్తరపు ఒడ్డున అడవి కప్పుకొన్న మౌంట్ హారియట్ కొండ, దాని పాదాల దగ్గర హోప్‌టౌన్ ఉన్నాయి. ఈ పేర్లలో కొన్ని ఇటీవల మారాయి. రాస్ దీవి 2018లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమయింది. మౌంట్ హారియట్ 2021లో మౌంట్ మణిపూర్ అయింది. పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురమయింది. చెప్పబోయేది ఎక్కువగా పాతకాలపు సంగతి గనుక పాత పేర్లే వాడుకుందాం.

ఆంగ్లేయుల కాలంలో పరిపాలకుల నివాసాలు, కచేరీలు, చర్చి రాస్ మీద ఉండేవి. వైపర్‌లో జైలు, ఉరికంబం ఉండేవి. చాతమ్‌లో 1883లో కలప కోత మిల్లు మొదలయింది. ఖైదీల బస్తీలు రేవు చుట్టూ పరచుకొని ఉండేవి. వైద్యుడు రోగి దగ్గరకు పోవలెనన్నా, ఉత్తరం చేరవలెనన్నా, తిండిగింజలు రావలెనన్నా నీరు దాటక తప్పదు. తెడ్లు వేసే పడవలు ఈ పని చాలాకాలం చేశాయి. వాటితోపాటు పంతొమ్మిదవ శతాబ్దపు రెండవ భాగంలో బొగ్గుతో నడిచే చిన్న ఆవిరి లాంచీలు కూడా వచ్చి చేరాయి.

అటువంటి ఒక లాంచీ మన దేశ చరిత్రలో ఒక్క క్షణం కనిపించి మాయమవుతుంది. 1872 ఫిబ్రవరి 8వ తేదీ రాత్రి ఏడు గంటల వేళ హోప్‌టౌన్ రేవుమెట్ల దగ్గర అది వైస్రాయి లార్డ్ మేయో కోసం వేచి ఉన్నది. మేయో జీవితచరిత్ర రాసిన డబ్ల్యూ. డబ్ల్యూ. హంటర్, లాంచీలో ఆవిరి సిద్ధంగా ఉన్నదన్న సంగతిని ఒక్క ముక్కలో చెప్పి ముందుకు సాగిపోతాడు. తరువాత జరిగిన ఘోరం ముందు ఆ ముక్క ఎవరికీ గుర్తుండదు. ఇంగ్లీషు పుస్తకాలను తెలుగు చేయడం వృత్తిగా గల నాకు మాత్రం అక్కడ కలం ఆగింది. ఆవిరి సిద్ధంగా ఉండటమంటే ఏమిటి? దానిని సిద్ధం చేసినవారు ఎవరు? ఎంతసేపటి నుంచి? ఈ ప్రశ్నలకు జవాబు వెతికితే, ఆ చిన్న పడవ ఎలా నడిచేదో, ఎలా మొరాయించేదో, దాని మీద ఎంతమంది ప్రాణాలు ఆధారపడి ఉండేవో తెలిసివస్తుంది.

దీవులకు ఆవిరి వచ్చిన దారి

ఆర్చిబాల్డ్ బ్లెయిర్ 1789లో చాతమ్ మీద మొదటి వలస నెలకొల్పినప్పుడు వచ్చినవన్నీ తెరచాప ఓడలే. ఆ వలసను 1792లో ఉత్తర అండమాన్‌లోని పోర్ట్ కార్న్‌వాలిస్‌కు మార్చారు. అక్కడ జ్వరాలు జనాన్ని కబళించడంతో 1796లో వదిలివేశారు. కలకత్తాలో 1823లో నీటికి దిగిన డయానా అనే ఆవిరి పడవ మరుసటి సంవత్సరమే బర్మా యుద్ధంలో పాల్గొన్నది. ఆ యుద్ధానికి బయలుదేరిన ఓడలు ముందుగా కలుసుకొన్న చోటు ఈ పాడుపడిన పోర్ట్ కార్న్‌వాలిసే.

1857 తిరుగుబాటు ఖైదీలను ఉంచడానికి చోటు వెతకవలసిందిగా డాక్టరు ఎఫ్. జె. మౌయట్ నాయకత్వాన ఒక సంఘాన్ని పంపారు. ఆ సంఘం ప్లూటో అనే ఆవిరి నౌకలో దీవుల తీరాన్ని చుట్టివచ్చింది. తీరంలో ఒక అండమాన్ ఆదివాసిని పట్టుకొని, జాక్ అని పేరు పెట్టి, కలకత్తాకు తీసుకుపోయింది. అక్కడ అతడు జబ్బుపడగా తిరిగి తన దీవికి చేర్చవలసి వచ్చింది. 1858 మార్చి 10న సెమిరామిస్ అనే ఆవిరి యుద్ధనౌక డాక్టరు జె. పి. వాకర్ ఆధ్వర్యాన 200 మంది ఖైదీలను పోర్ట్ బ్లెయిర్‌లో దించింది. అండమాన్‌కు ద్వీపాంతరవాస శిక్ష, ఆవిరి యంత్రం దాదాపు ఒకే కాలంలో వచ్చాయన్నమాట.

పెద్ద నౌక లోతు నీటిలో ఆగిపోతుంది. అక్కడి నుంచి ఒడ్డుకు, ఒక దీవి నుంచి మరొక దీవికి తిరగవలసింది చిన్న పడవే. అడవిలో నరికిన పడాక్ దుంగలను ఏనుగులు ఒడ్డుకు లాగితే, వాటిని తెప్పలుగా కట్టి మిల్లు దాకా ఈడ్చుకొని వచ్చే బరువు కూడా ఆవిరి లాంచీల మీదే పడింది. వీటి మరమ్మతులకు ఫీనిక్స్ బేలో కర్మాగారం వెలసింది. పడవల రేవుగా, మరమ్మతుల స్థలంగా ఆ చోటు నేటికీ అదే వృత్తిలో ఉన్నది.

నిప్పు రాజేయడం

డీజిలు ఇంజను మీట నొక్కితే కదులుతుంది. ఆవిరి ఇంజను అలా కాదు. సరంగు ఎనిమిది గంటలకు బయలుదేరవలెనంటే నిప్పు చూసేవాడు ఆరు గంటలకే లేవాలి. అతడు మొదట చూడవలసింది నిప్పు కాదు, నీరు. బాయిలరు ముందుభాగాన నిలువుగా ఒక గాజు గొట్టం ఉంటుంది. లోపల నీరు ఎంత ఎత్తున ఉన్నదో ఆ గొట్టంలోనూ అంత ఎత్తున నిలుస్తుంది. అయితే గొట్టానికి దారితీసే రంధ్రంలో మడ్డి అడ్డుపడితే లోపల నీరు తగ్గినా గొట్టంలో పాత మట్టమే కనిపిస్తూ ఉంటుంది. అందుచేత అనుభవజ్ఞుడు గొట్టాన్ని ఊరికే నమ్మడు. అడుగున ఉన్న కొళాయి తిప్పి నీటిని వదిలి, మళ్ళీ వెంటనే పైకి ఎగబ్రాకుతున్నదా లేదా అని చూస్తాడు. ప్రయాణంలో కూడా మధ్యమధ్య ఇదే పరీక్ష జరుపుతాడు.

తరువాత ఎండుకట్టెలతో మంట వేస్తాడు. కట్టెలకు అండమాన్‌లో కరువు లేదు. మంట నిలదొక్కుకొన్నాక పిడికెడంత ముక్కలుగా కొట్టిన బొగ్గును పలుచగా పరుస్తాడు. చల్లని బాయిలరును తొందరపెట్టకూడదు. నిప్పు తగిలే రేకు ఒక వేగంతోను, నీటి అడుగున ఉన్న రేకు మరొక వేగంతోను వేడెక్కి వ్యాకోచిస్తే అతుకుల దగ్గర గొట్టాలు కారడం మొదలుపెడతాయి. చిన్న లాంచీకైనా గంటకు పైగా ఓపిక పట్టవలసిందే. ఆ గంటలో అతడు చేతులు ముడుచుకొని కూర్చోడు. ప్రతి కీలుకూ నూనె వేస్తాడు. బోల్టులు తడిమి చూస్తాడు. నిన్నటి మసిని గొట్టాలలో నుంచి కుంచెతో తోస్తాడు.

బొగ్గు వేయడం కూడా ఒక విద్యే. ఒకేసారి పారలకొద్దీ గుమ్మరించినవాడు నేర్పరి కాడు. కొంచెం కొంచెంగా, తరచుగా, కడ్డీల మీద ఎక్కడా ఖాళీ కనిపించకుండా వేసి, పొయ్యి తలుపును తక్షణం మూసినవాడే నేర్పరి. తలుపు తెరిచి ఉన్నంతసేపూ చల్లగాలి లోపలికి దూరి గొట్టాలను చల్లబరుస్తుంది. పొగగొట్టం నుంచి నల్లని పొగ దట్టంగా వస్తున్నదంటే గాలి చాలక బొగ్గు సగం కాలకుండానే పైకి పోతున్నదన్నమాట. మనవారు ఈ వాహనాన్ని పొగ ఓడ అన్నారు. గ్రంథాలలో ధూమనౌక అని రాశారు. కాని నిప్పును బాగా చూసేవాడి పడవకు పొగ అంతగా ఉండదు. నడిపించే ఆవిరి అసలే కంటికి కనిపించదు. బయటపడి చల్లబడి నీటితుంపరలయినప్పుడే అది తెల్లగా కనిపిస్తుంది. మన భాష ఆ పడవకు దాని లోపాన్ని బట్టి పేరు పెట్టింది!

బొగ్గు, ఉప్పునీరు

అండమాన్‌లో బొగ్గు గనులు లేవు. బొగ్గు సముద్రం దాటి రావలసిందే. కలకత్తా రేవు ఇక్కడికి 1,255 కిలోమీటర్ల దూరం. బ్రిటిష్ నౌకాదళం మెచ్చుకొన్న వేల్స్ బొగ్గుతో పోలిస్తే మన దేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. ఆ బూడిద వేడికి కరిగి, కమ్మరి కొలిమిలో మిగిలే చిట్టెం వలె గడ్డకట్టి, పొయ్యి కడ్డీల సందులను మూసివేస్తుంది. కింది నుంచి గాలి ఆడదు. మంట ఎర్రబడి మందగిస్తుంది. పీడనం చూపే ముల్లు మెల్లగా జారుతుంది. అప్పుడు పొడుగాటి ఇనుపగరిటెతో మంటను ఒక పక్కకు నెట్టి, చిట్టెం పెకలించి బయటికి లాగాలి. ఊగే పడవలో, కాళ్ళ దగ్గర నిప్పు కణికలు దొర్లుతుండగా చేయవలసిన పని ఇది. మే నెల మొదలుకొని సంవత్సరంలో ఎక్కువ భాగం వానలు కురిసే ఈ దీవులలో తడిసిన బొగ్గు మరొక బెడద. దానిలోని తడిని ఆవిరి చేయడానికే కొంత వేడి వృథా అయిపోతుంది.

బొగ్గు కంటే పెద్ద చిక్కు నీరు. నలువైపులా సముద్రమే గాని బాయిలరుకు పోయడానికి మంచినీరు కరువు. రాస్ దీవిలో తాగడానికే నీరు చాలక సముద్రపు నీటిని కాచి మంచినీరుగా మార్చే ఏర్పాటు చేశారు. నేడు ఆ దీవికి పోయిన యాత్రికులకు మర్రి ఊడలు చుట్టుకొన్న చర్చి గోడలతోపాటు ఆ కర్మాగారపు శిథిలాలు కూడా కనిపిస్తాయి. సముద్రపు నీరు లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పును మోసుకొని వస్తుంది. నీరు ఆవిరై పోయినకొద్దీ ఉప్పు బాయిలరులోనే మిగిలిపోతుంది. లవణాలు వేడిరేకుల మీద తెల్లని పెచ్చుగా కడతాయి. ఆ పెచ్చు వేడిని నీటికి చేరనీయదు. నిప్పుకూ నీటికీ మధ్య చిక్కుకొన్న రేకు మాడిపోతుంది. తొలినాటి నౌకలలో కొంతసేపటికి ఒకసారి చిక్కని ఉప్పునీటిని సముద్రంలోకి వదిలి, కొత్త నీరు ఎక్కించేవారు. అలా వదిలిన ప్రతిసారీ కష్టపడి కాచిన వేడి కూడా నీళ్ళపాలయ్యేది.

దీనికి విరుగుడుగా వచ్చినది కండెన్సరు. ఇంజనులో పని ముగించిన ఆవిరిని వృథాగా గాలిలోకి వదలకుండా, సముద్రపు నీటితో చల్లబడే గొట్టాలలోకి పంపుతారు. కొన్ని చిన్న పడవలకు ఆ గొట్టం అడుగుభాగాన, నీటిలోనే, పొడవునా అమర్చి ఉంటుంది. చల్లబడిన ఆవిరి తిరిగి మంచినీరై తొట్టిలో పడుతుంది. దానినే పంపు మళ్ళీ బాయిలరులోకి తోస్తుంది. ఒకే నీరు రోజంతా తిరుగుతూ ఉంటుందన్నమాట. అయితే ఆ నీటితోపాటు సిలిండరులో వేసిన నూనె కూడా వస్తుంది. నూనె పొర రేకుకు అంటుకొన్నా పెచ్చు చేసినంత కీడూ చేస్తుంది. అందుచేత తొట్టిలో తువ్వాలు గుడ్డ, స్పాంజి, బీరపీచు వంటివి పెట్టి నూనెను వడకడతారు. ఒంటి మురికి వదలడానికి మన ఇళ్ళలో వాడే బీరపీచుకు ఆవిరి పడవలోనూ ఒక ఉద్యోగం ఉన్నదని తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

రోగ నిదానం

ఆవిరి యంత్రానికి ఒక మంచి గుణం ఉన్నది. అది చెప్పకుండా చెడిపోదు. ఏదో ఒక లక్షణం ముందుగా కనిపిస్తుంది. కన్ను, చెవి, ముక్కు, చేయి నాలుగూ మేలుకొని ఉన్నవాడు దానిని గుర్తుపడతాడు.

పీడనం పడిపోతున్నది. మంటలో చిట్టెం లేదా? గొట్టాలలో మసి పేరుకోలేదా? చల్లని నీటిని ఒక్కసారిగా ఎక్కువ ఎక్కించలేదా? ఈ మూడూ కాకపోతే ఎక్కడో ఆవిరి కారుతున్నదని అర్థం.

సిలిండరులో టకటకమని దెబ్బ వినిపిస్తున్నది. బాయిలరులో నీటి మట్టం మరీ ఎక్కువై గాని, నీరు మురికిదై నురగ కట్టి గాని, ఆవిరితోపాటు నీరు ఇంజనులోకి కొట్టుకొని వస్తున్నది. ఆవిరి నొక్కుకుపోతుంది, నీరు నొక్కుకుపోదు. పిస్టనుకూ మూతకూ మధ్య చిక్కిన నీరు సిలిండరు మూతను పగులగొట్టగలదు. వెంటనే ఆవిరి తగ్గించి సిలిండరు అడుగు కొళాయిలు తెరవాలి. బయలుదేరేటప్పుడు ఆ కొళాయిలు తెరిచి ఉంచడం కూడా ఇందుకే. రేవు వదిలే ఆవిరి పడవ అడుగున తెల్లగా చిమ్మేది ఈ నీరే.

పంపు నడుస్తున్నది గాని మట్టం పెరగడం లేదు. పంపులో గాలి చిక్కి ఉండవచ్చు. చిన్న కొళాయి తెరిస్తే గాలి పోతుంది. నలుసేదో పడి కవాటం మూసుకోక పోయి ఉండవచ్చు. కొయ్యసుత్తితో మెల్లగా తడితే చాలాసార్లు దారికి వస్తుంది. ఇంజనుతో నడిచే పంపుకు ఒక లోపం ఉన్నది. పడవ ఆగితే అదీ ఆగుతుంది. అందుకోసమే ఇంజెక్టరు అనే పరికరం వచ్చింది. హెన్రీ గిఫార్డ్ అనే ఫ్రెంచి ఇంజనీరు దానికి హక్కుపత్రం పొందినది 1858లోనే. సెమిరామిస్ ఖైదీలను దించిన సంవత్సరమూ అదే. బాయిలరులోని ఆవిరే ఒక సన్నని మూతి గుండా దూసుకొనిపోతూ నీటిని పట్టుకొని అదే బాయిలరులోకి తోస్తుంది. తిరిగే భాగం ఒక్కటీ లేదు. అయితే వేడెక్కితే అది అలుగుతుంది. తడిగుడ్డ వేసి చన్నీళ్ళు పోస్తే మళ్ళీ పని చేస్తుంది.

బేరింగు చేతికి కాలుతున్నది. నూనె దారి మూసుకొన్నదేమో చూడాలి, వేగం తగ్గించాలి. నిర్లక్ష్యం చేస్తే లోపలి తెల్లలోహం కరిగి ఇరుసు పట్టివేస్తుంది. కండెన్సరు వేడెక్కుతున్నది. మడ అడవుల పక్కగా నడిచే పడవకు ఇది తరచు వచ్చే జబ్బు. బురదో ఆకులో నీటి దారిని మూసి ఉంటాయి.

వీటన్నిటినీ మించినది ఒకటి ఉన్నది. గాజు గొట్టంలో నీరు కనిపించడం లేదు. బాయిలరులో పొయ్యి పైకప్పును నీరు ఎప్పుడూ కప్పి ఉంచాలి. నీరు తగ్గి ఆ రేకు బయటపడితే ఎర్రగా కాలి మెత్తబడి, ఆవిరి ఒత్తిడికి లోపలికి కుంగిపోతుంది. తెలియనివాడు కంగారుపడి చన్నీళ్ళు ఎక్కిస్తాడు. చేయరాని పని అదే. చేయవలసింది నిప్పును చంపడం. తడి బూడిద కప్పి గాని, మంటనంతా బయటికి లాగి గాని, ముందు వేడిని ఆపాలి. పైకప్పులో సీసపు బిరడా ఒకటి అమర్చి ఉంటుంది. మనిషి మరిచినా అది కరిగి, ఆవిరిని నిప్పు మీదికి వదిలి హెచ్చరిస్తుంది.

ఇంత జాగ్రత్త ఎందుకో ఒక లెక్కతో తెలుస్తుంది. చదరపు అంగుళానికి 100 పౌన్ల పీడనంలో ఉన్న బాయిలరు నీరు 170 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఉంటుంది. ఒత్తిడి ఉన్నంతవరకే అది నీరు. గోడ చీలిన మరుక్షణం దానిలో ఒక భాగం ఆవిరిగా మారిపోతుంది. ఒక లీటరు నీరు ఆవిరైతే 1,600 లీటర్లకు పైగా చోటు కావాలి. 1863లో కలకత్తాలో ఒక బాయిలరు పేలి పలువురు మరణించిన తరువాతనే బెంగాలులో 1864లో బాయిలర్ల తనిఖీ చట్టం వచ్చింది. దేశమంతటికీ ఒకే చట్టం 1923లో వచ్చింది. దాని స్థానంలో కొత్త చట్టం 2025లో వచ్చింది. సేఫ్టీ వాల్వును తాడుతో కట్టి వేగం పెంచుకొనే సాహసం ఎంత ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు.

కథలోని లాంచీ

అండమాన్‌ను, ఆవిరి లాంచీని కలిపి లోకానికి చూపిన కథ ఒకటి ఉన్నది. కానన్ డాయిల్ 1890లో వెలువరించిన 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో అండమాన్ నుంచి పారిపోయిన ఖైదీ ఒకడు, ఒక ఆదివాసి తోడుగా, అరోరా అనే లాంచీలో థేమ్స్ నది మీద పారిపోతాడు. షెర్లాక్ హోమ్స్ పోలీసు లాంచీలో వెంబడిస్తాడు. రెండు పడవలలోనూ బొగ్గు పోసేవారు ఒళ్ళు దాచుకోకుండా మంటను ఎగదోస్తారు. డాయిల్ అండమాన్‌ను చూసినవాడు కాడు. ఆదివాసులను నరభక్షకులుగా చిత్రించిన ఆ కాలపు అపప్రథనే అతడు నమ్మి రాశాడు. దీవివాసిని ఓడ ఎక్కించి తీసుకుపోయి జబ్బుపడేట్టు చేసినది ఎవరో జాక్ కథ చెబుతుంది.

లాంచీ విషయంలో మాత్రం ఆ రచయిత పొరబడలేదు. తరిమే పడవకూ పారిపోయే పడవకూ గెలుపు ఓటములు నిర్ణయించేది పొయ్యి దగ్గర ఉన్న మనిషేనని అతడు గ్రహించాడు. పాఠకుడి కన్ను ముందుభాగాన నిలుచున్న హోమ్స్ మీద ఉంటుంది. పడవ బలం మాత్రం వెనుక వంగి ఉన్న వెన్నులో ఉన్నది.

ఫిబ్రవరి 8

ఇక హోప్‌టౌన్‌కు వద్దాం. లార్డ్ మేయో ఆ ఉదయం గ్లాస్గో అనే యుద్ధనౌకలో వచ్చాడు. రాస్, వైపర్, చాతమ్ చూశాడు. పొద్దు ఇంకా మిగిలి ఉండటంతో మౌంట్ హారియట్ ఎక్కాలనుకొన్నాడు. కొండ మీద కూర్చొని సూర్యాస్తమయం చూశాడు. దిగేసరికి చీకటి పడింది. కాగడాలు పట్టుకొని కొందరు ఎదురు వచ్చారు.

చీకటిలో కింద రేవులో వేచి ఉండటం నిప్పు చూసేవాడికి నడపడం కంటే కష్టం. పడవ నడుస్తుంటే ఇంజను ఆవిరిని తాగుతుంది. ఆగి ఉంటే ఆవిరి పెరుగుతూనే ఉంటుంది. మంట ఎక్కువ ఉంచితే సేఫ్టీ వాల్వు లేచి విలువైన నీరు గాలిలో కలిసిపోతుంది. మంట తగ్గనిస్తే దొరవారు ఎక్కిన క్షణంలో పడవ కదలదు. అందుచేత బొగ్గును వెనక్కు నెట్టి, మీద బూడిద కప్పి, బూడిదగుంట తలుపు మూసి, పొగదారిని సగం బిగించి నిప్పును నిద్రపుచ్చాలి. నివురుగప్పిన నిప్పు అని మనవారు అనేది ఇదే. మన అమ్మమ్మల కాలంలో రాత్రి కుంపటి మీద బూడిద కప్పి తెల్లవారి మళ్ళీ రాజేసుకొనేవారు. తేడా ఏమంటే, ఇక్కడ ఎప్పుడు పిలుపు వస్తుందో తెలియదు. కొండ మీద కాగడా వెలుగు కనిపించగానే బూడిద తొలగించి, కొంచెం కొత్త బొగ్గు వేసి, ముల్లును మళ్ళీ పైకి తేవాలి. వైస్రాయి రేవు చేరే సమయానికి ఆవిరి సిద్ధంగా ఉన్నదంటే ఆ లెక్క ఎవరో తప్పకుండా వేశారన్నమాట.

అదే రేవులో మరొక నివురుగప్పిన నిప్పు కూడా ఉన్నది. పెషావరు వైపు నుంచి హత్యానేరానికి ద్వీపాంతర శిక్ష పడి వచ్చిన షేర్ అలీ అఫ్రీదీ చీకటిలో పొంచి ఉన్నాడు. లాంచీ ఎక్కడానికి మేయో వడివడిగా మెట్ల వైపు నడిచిన సమయంలో అతడు వెనుక నుంచి దూకి వీపులో రెండుసార్లు కత్తితో పొడిచాడు. మేయో రేవు పక్కన లోతులేని నీటిలో పడ్డాడు. పైకి తీసి అక్కడే ఉన్న బండి మీద కూర్చోబెట్టారు. అతడు మళ్ళీ వెనక్కు ఒరిగిపోయాడు. లాంచీ గ్లాస్గో నౌకను చేరేసరికి ప్రాణం లేదు. ఆ నౌకలో లేడీ మేయో భోజనానికి ఎదురుచూస్తున్నది. షేర్ అలీని వైపర్ దీవిలో ఉరితీశారు.

చరిత్ర ఈ ఇద్దరి పేర్లనూ భద్రపరచింది. లాంచీలో నిప్పు చూసినవాడి పేరు మనకు తెలియదు.

మనవారి దారి

ఈ రేవుకు తెలుగునాటి నుంచి కూడా మనుషులు బందీలుగా వచ్చారు. 1857లో హైదరాబాదు రెసిడెన్సీ మీద దాడిలో పాల్గొన్న మౌల్వీ అల్లావుద్దీన్‌ను 1859లో పంపారు. ఆయన ఇక్కడే కన్నుమూశారు. 1879లో మొదలైన రంప తిరుగుబాటులోని వారిని, అల్లూరి సీతారామరాజు అనుచరులలో కొందరిని కూడా పంపారు. రంప తిరుగుబాటును అణచడానికి ప్రభుత్వం గోదావరి మీద పోలీసులను ఆవిరి పడవలలోనే తరలించింది. పట్టుబడినవారిని సముద్రం దాటించినదీ ఆవిరి ఓడే. బొగ్గుకు పక్షపాతం లేదు. ఎవరు మండిస్తే వారి పని చేస్తుంది.

లాంచీ నడిపేవాడిని గోదావరి మీద సరంగు అంటారు. లస్కరు, సరంగు అనే మాటలు హిందూ మహాసముద్రపు రేవులన్నిటా తిరిగి మన నదులలోకి వచ్చి స్థిరపడ్డాయి. పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో శ్రీకాకుళం వైపు నుంచి వలస వచ్చిన మత్స్యకారుల కుటుంబాలు ఉన్నాయి. రేవులో నిలబడితే ఆ యాస చెవిన పడుతుంది. వారి పడవలకు ఇప్పుడు డీజిలు ఇంజనులు. చాతమ్ నుంచి బాంబూఫ్లాట్‌కు జనాన్ని, వాహనాలను దాటించే ఫెర్రీ కూడా డీజిలుదే. ఆ ఫెర్రీ మీద నుంచి చూస్తే మౌంట్ హారియట్ ఎదురుగా కనిపిస్తుంది. ఆవిరి పోయినందుకు విచారించనక్కరలేదు. పొయ్యి ముందు మాడిన ఒళ్ళకు అది విముక్తే. కాని డీజిలు ఇంజను గదిలోనూ బేరింగు మీద చేయి వేసి చూసేవాడు ఒకడు ఉంటాడు. ప్రయాణికులు మెట్లు దిగి వెళ్ళిపోతారు. అతడి ముఖం చూడరు.

ప్రయాణం ముగిసినా ఆవిరి లాంచీలో పని ముగియదు. బాయిలరు చల్లబడితే లోపలి నీరు కుదించుకుపోతుంది గనుక ముందుగా గొట్టం నిండా నీరు ఎక్కించాలి. మంటను మెల్లగా చల్లారనివ్వాలి. సిలిండరు కొళాయిలు తెరిచి నీరు వదలాలి. లేకపోతే తుప్పు పడుతుంది. చిట్టెం లాగి, బూడిద ఎత్తి సముద్రంలో పోయాలి. కీళ్ళ నూనె తుడవాలి. దీపం పట్టుకొని చివరిసారి గాజు గొట్టం చూడాలి. 1872 ఫిబ్రవరి 8వ తేదీ రాత్రి గ్లాస్గో మీద అందరూ వైస్రాయి శవం చుట్టూ మూగి ఉన్న వేళ, లాంచీలో ఒకరు ఈ పనులన్నీ వరుసగా చేసి ఉండాలి. మరునాటికి మళ్ళీ ఆవిరి కావలసి ఉంటుంది.